ఊకలో దాచిన చలి

ఫిబ్రవరి 2

పొదుపు: లేదు (ఈ రోజే మొదలు). వృధా: లేదు.

వ్యాఖ్యలు: ఆఫీసు ఇచ్చిన ఈ పొదుపు పుస్తకంలో వ్యాఖ్యల గడి పేజీలో సగం ఉంది. "ఖాళీగా వదలరాదు" అని కింద అచ్చు వేశారు. అందుకని రాస్తున్నాను.

నా పేరు గౌరీశ్వరి. పదమూడో బ్లాకుకి పొదుపు సహాయకురాలిగా నన్ను తీసుకున్నారు. మా బ్లాకులో ఆరు అంతస్తులు, ఇరవై నాలుగు ఇళ్ళు. ఇంటర్ పాసైనది నేనొక్కదాన్నే. మా ఇంట్లో అయితే అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పోటీ లేదు కాబట్టి ఎంపిక తొందరగా అయింది.

నిరుడు కొండ మీద ఎండ పలకలు తుడిచే పని వారానికి ఆరు రోజులు ఉండేది. ఇప్పుడు మూడు రోజులే. పలకలు ముసలివైపోయాయి, కరెంటు తక్కువ పుడుతోంది అని ఆఫీసు చెబుతోంది. ఇంటికి నెలకి వంద యూనిట్లు ఇస్తున్నారు. ఫ్యాను, పొయ్యి, నీళ్ళ మోటారు, స్టోర్సులో బియ్యం, చింతపండు, అన్నీ అందులోంచే కోసుకుంటారు.

గోడకి అంటించిన నోటీసులో ఇలా ఉంది: "నేడు మీరు పొదుపు చేసినది రేపు మీ అవసరానికి అందుతుంది." ఈ మాట అమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. మా అక్క నర్సమ్మకి ఇప్పుడు ఆరో నెల. మే నెల మూడో వారంలో పురుడు. అప్పుడు మూత రోజులు వస్తాయి. కరెంటు అంతా పై బ్లాకుల ఆసుపత్రికీ నీళ్ళ పంపులకీ పోతుంది, మాకు తొమ్మిది రోజులు ఉండదు.

పోయినేడు కూడా అక్క మూత రోజుల్లోనే ప్రసవించింది. గదిలో నలభై రెండు డిగ్రీలు. బిడ్డ మూడు రోజులు ఉన్నాడు. ఆ తర్వాత అక్క దూలానికి ఉన్న ఉయ్యాల కొక్కేలు బావచేత పీకించి పాత ఇనుముకి ఇచ్చేసింది. నాలుగు యూనిట్లు వచ్చాయి. ఉయ్యాల అటక మీద ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నేను ఈ పనికి దరఖాస్తు పెట్టింది ఆ నోటీసు చదివే.

ఫిబ్రవరి 9

పొదుపు: రోజుకి 9 యూనిట్లు. వృధా: లేదు.

వ్యాఖ్యలు: లిఫ్టు ఆపించాను. అది అయిదో అంతస్తులో ఆగి ఉంది. దాని పక్కింట్లోనే నూకాలు మామ్మ ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి. సముద్రం పైకి రాకముందు వాళ్ళది చేపల వ్యాపారం. ఈ రోజు మెట్లు దిగి మా గుమ్మం ముందు కూర్చుని పది నిమిషాలు ఆయాసపడింది. తర్వాత అడిగింది.

"ఏటే గుంటా, సదువుకున్నావు కదా. నా మోకాళ్ళు నీ పుస్తకంలో ఏ గడిలో రాస్తావు?"

అలాంటి గడి లేదని చెప్పాను. అయితే గీసుకోమంది.

ఫిబ్రవరి 17

పొదుపు: రోజుకి 35 యూనిట్లు. వృధా: లేదు.

వ్యాఖ్యలు: ఊక బుట్టలు మొదలుపెట్టాం. బియ్యం మిల్లు దగ్గర ఊక గుట్టలుగా పడి ఉంది, ఉచితం. పెద్ద బుట్టలో ఊక నింపి, మధ్యలో గుంట చేసి, ఒక్క పొంగు వచ్చిన అన్నం గిన్నె అందులో పెట్టి, పైన ఊక దిండు కప్పాలి. పొయ్యి ఆపేయవచ్చు. గంటకి అన్నం దానంతట అదే ఉడుకుతుంది. ఇది నాకు ఇంటర్ పాఠంలో వచ్చింది. పరీక్షలో అడగలేదు.

మొదటి రోజు నాలుగు ఇళ్ళలో అన్నం పలుకుగా వచ్చింది. మూత తీసి చూస్తున్నారని తెలిసింది. తీయవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. రెండో రోజు బాగా వచ్చింది. పగటి ఎండకి బయటికి రావద్దని మోగే సైరను గడువు తీరి, సాయంత్రం తలుపులు తీసేసరికి కూడా వేడిగానే ఉంది.

ఫిబ్రవరి 28

పొదుపు: నెలకి మొత్తం 500 యూనిట్లు. వృధా: లేదు.

వ్యాఖ్యలు: బ్లాకు కోటా 2400లో మేం వాడింది 1900. అమ్మ చేత్తో ఎవరో కొబ్బరి ముక్క పంపించారు. అది నాకోసమట.

మార్చి 2

పొదుపు: గత నెల చూడండి. వృధా: లేదు.

వ్యాఖ్యలు: ఆఫీసు నుంచి పర్యవేక్షకులు దివాకరం గారు వచ్చారు. "ఉత్తమ పొదుపు బ్లాకు" అని ఉబ్బెత్తు అక్షరాలున్న ఇనుప ఫలకం తెచ్చారు. బరువుగా ఉంది, ఇద్దరు మోశారు. కింది అంతస్తు వసారాలో, సరిగ్గా మా గుమ్మం ముందు, దూలానికి రెండు లావుపాటి కొక్కేలు దిగ్గొట్టి వేలాడదీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా బావ సింహాద్రి దాని కింద నుంచి వెళ్ళేటప్పుడు తల వంచుకోవాలి. పొడుగు మనిషి.

ఫలకంతో పాటు ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. నేనే పైకి చదివాను. "మీ అవసరం తగ్గినందుకు అభినందనలు. మార్చి నుంచి మీ కోటా 1900."

రెండోసారి చదవమని ఎవరూ అడగలేదు.

మార్చి 4

పొదుపు: 3 యూనిట్లు. వృధా: లేదు.

వ్యాఖ్యలు: ఆఫీసుకి వెళ్ళాను. సైరను మోగకముందే నడవాలి కాబట్టి తెల్లారే బయల్దేరాను. పొరపాటు జరిగిందని, మేం మిగిల్చిన 500 మేలో మాకు కావాలని దివాకరం గారికి చెప్పాను. ఆయన మర్యాదస్తులు. కుర్చీ చూపించి, నియమాల పుస్తకం నా వైపు తిప్పి పెట్టారు. మిగిలినవి నెలాఖరున వెనక్కి పోతాయి. ఈ నెల ఎంత వాడితే వచ్చే నెల అంతే ఇస్తారు.

"మరి అవసరానికి అందుతుంది అని నోటీసులో ఉంది కదండీ," అన్నాను.

"అందుతుందమ్మా. ఎవరి అవసరానికి అని అందులో లేదు."

అక్క పురుడు సంగతి చెప్పాను. పోయినేటి సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆసుపత్రిలో చల్ల గది కావాలంటే మూడు వందల యూనిట్లు ముందే కట్టాలని, అయినా పై బ్లాకుల వాళ్ళే నిండిపోయారని చెప్పారు. నేను ఇదంతా వ్యాఖ్యల్లో రాశానని, ఆఫీసు గమనించి ఉండవచ్చని అన్నాను.

"వ్యాఖ్యలు ఎవరూ చదవరమ్మా," అన్నారు. ఆ మాట దయగానే అన్నారు.

అయినా గడి ఖాళీగా వదలరాదు.

మార్చి 6

పొదుపు: సున్నా. వృధా: ఇంకా తేలలేదు.

వ్యాఖ్యలు: మెట్ల మీద కూర్చుని అందరికీ నియమం చెప్పాను. తక్కువ వాడితే కోత పడుతుంది, ఎక్కువ వాడితే జరిమానా. సరిగ్గా 1900 వాడాలి. కానీ వాడేస్తే మేకి ఏమీ మిగలదు. యూనిట్లు దాచుకునే చోటు లేదు.

అందరూ నన్ను తిట్టారు. ఊక బుట్ట నా ఆలోచన కాబట్టి అది న్యాయమే. తిట్లయ్యాక నూకాలు మామ్మ మా ఇంట్లోకి వచ్చి, బుట్ట మీద దిండు ఎత్తి, చెయ్యి లోపల పెట్టి చాలాసేపు ఉంచింది.

"పొద్దున్న ఒండిన కూడు ఇంకా ఏడిగుంది. ఏడిని పోనియ్యని ఊక సలిని పోనిస్తాదేటి? మా యమ్మ సేపల గంపలో ఐసేసి, ఊక కప్పి అయిదూళ్ళు తిరిగీది. పొద్దు గూకినా కరిగీది కాదు. యూనిట్లు దాసుకోనేం. ఐసు దాసుకోనేమేటి?"

వెనక షెడ్డులో పాత రేవు నుంచి మోసుకొచ్చిన ఐసు యంత్రం ఉంది. పట్టడానికి చేపలు లేవు, పడవలు లేవు, యంత్రం మాత్రం ఉంది. దిమ్మకి పదమూడు యూనిట్లు తింటుంది. దిమ్మ పాతిక కేజీలు.

పెట్టడానికి చోటు కూడా ఉంది. లిఫ్టు కింద గొయ్యి, మనిషి లోతు, ఎండ తగలదు. లిఫ్టు ఆపించినందుకు మామ్మ నన్ను మెచ్చుకోలేదు. కానీ మోకాళ్ళ మాట ఎత్తలేదు.

మార్చి 7

పొదుపు: సున్నా. వృధా: సున్నా.

వ్యాఖ్యలు: ఇరవై నాలుగు ఇళ్ళలో పంతొమ్మిది ఒప్పుకున్నాయి. ఇంటికి నెలకి ఇరవై యూనిట్లు. అంటే పగలు ఫ్యాను ఉండదు. మిగతా అయిదిళ్ళు మంచు కోసం ఉక్కలో కూర్చోలేమన్నాయి.

ఒప్పుకోని మనిషి మా ఇంట్లో కూడా ఒకతి ఉంది. అక్క.

"నాకోసమైతే వద్దే గౌరీ," అంది. "పోయినేడు గూడా అందరూ తలోటీ సేసారు. తడిగుడ్డలు కట్టారు. ఇసిరారు. మళ్ళా అందర్నీ అలా సూడనేను."

నీకోసం ఒక్కదానికే కాదు, మూత రోజుల్లో ముసలివాళ్ళూ ఉన్నారు కదా అన్నాను. అది నిజమే. కానీ నేను అన్నది అందుకు కాదు. అక్కకీ తెలుసు.

మార్చి 15

పొదుపు: సున్నా. వృధా: 117 యూనిట్లు (ఐసు తయారీ).

వ్యాఖ్యలు: తొమ్మిది దిమ్మలయ్యాయి. షెడ్డు మీటరు కరెంటుని ఏ గడిలో రాయాలో చాలాసేపు ఆలోచించాను. నియమం ప్రకారం అమ్మకానికి కానిదీ, వంటకీ నీటికీ ఫ్యానుకీ కానిదీ వృధా. అందుకని వృధాలో రాశాను.

గొయ్యి అడుగున ఇటుకలు పేర్చి, పైన చెక్కలు పరిచి, మూరెడు మందం ఊక పోశాం. దిమ్మలు సందు లేకుండా పేర్చి మళ్ళీ ఊక పోశాం. ఎంత మిగులుతోందో రాసుకోవాలి కాబట్టి రోజూ ఉదయం ఊక తీసి దారంతో దిమ్మలు కొలుస్తున్నాను.

మార్చి 21

పొదుపు: సున్నా. వృధా: 195 యూనిట్లు.

వ్యాఖ్యలు: పెట్టినవి పదిహేను దిమ్మలు. ఉన్నవి కొలిస్తే ఆరింటికి సరి. గొయ్యి అడుగున మోకాలి లోతు నీళ్ళు. రెండు వారాలు పంతొమ్మిది ఇళ్ళు ఉక్కలో కూర్చుని చేసిన ఐసు నీళ్ళయిపోయింది. ఆ నీళ్ళతో బ్లాకులో అందరూ స్నానం చేశారు. చల్లగా ఉన్నాయని మెచ్చుకున్నారు. అది ఇంకా బాధగా ఉంది.

నూకాలు మామ్మ దిగి వచ్చి గొయ్యి చూసింది. ఊక తడిగా ఉందని, నీళ్ళు పోవడానికి దారి పెట్టలేదని చెప్పింది. తర్వాత నా చేతిలో దారం చూసింది. అది దేనికని అడిగింది. చెప్పాను. రోజూనా అని అడిగింది. రోజూ అన్నాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు.

"కూడు గిన్నె మూత తియ్యొద్దని ఇల్లిల్లూ తిరిగి సెప్పినావు. నీ గిన్నె మూత నువ్వే రోజూ తీస్తన్నావు. కొలిసిందల్లా కరగబెట్టినావు కదే."

దారం తీసుకుపోయింది.

మార్చి 30

పొదుపు: సున్నా. వృధా: 377 యూనిట్లు.

వ్యాఖ్యలు: ఎండిన ఊక కొత్తగా తెచ్చి పోశాం. బావ గొయ్యి పక్కన కాలువ తవ్వి నీళ్ళు మురుగులోకి పోయేలా చేశాడు. కొత్త దిమ్మలు పెట్టేటప్పుడు తప్ప లిఫ్టు తలుపు తీయకూడదు. తీసినా లోపల చూడకూడదు. చూడకుండా ఎలా పెడతారని అడిగాను. మామ్మ పెట్టిస్తుంది, నేను అటు తిరిగి నిలబడాలి. ఇది బ్లాకు తీర్మానం.

అందుకని ఇకమీద "నిల్వ" అని ఒక గడి గీసుకుని, అందులో "తెలియదు" అని రాస్తాను. ఆ మాట రాయడం నాకు చాలా కష్టంగా ఉంది.

ఏప్రిల్ 24

పొదుపు: సున్నా. వృధా: 364 యూనిట్లు. నిల్వ: తెలియదు.

వ్యాఖ్యలు: బయట నలభై తొమ్మిది. ఫ్యాను మాకు రెండు గంటలే. అయిదిళ్ళలో ఇద్దరు మనసు మార్చుకుని కలిశారు. వాళ్ళు కూడా తీర్మానం ప్రకారం అటు తిరిగి నిలబడుతున్నారు.

స్టోర్సులో చింతపండు రెండు యూనిట్లు పెరిగింది. మామిడికాయ ఒరుగులతో పులుసు పెట్టుకుంటున్నాం. అక్కకి కాళ్ళు వాచాయి. అమ్మ పాత చీరలు చింపి మెత్తటి గుడ్డలు చేస్తుంటే అక్క వాటిని తీసి మళ్ళీ పెట్టెలో పెడుతోంది. పేరు అనుకున్నారా అని పై ఇంటావిడ అడిగితే, పుట్టి పది రోజులు ఉన్నాక అనుకుంటామంది.

మే 17

పొదుపు: సున్నా. వృధా: 208 యూనిట్లు. నిల్వ: తెలియదు.

వ్యాఖ్యలు: రేపటి నుంచి మూత రోజులు. సాయంత్రం ఆఖరి దిమ్మ పెట్టాం. ఇప్పటివరకు పెట్టినవి డెబ్భై మూడు. లోపల ఎన్ని ఉన్నాయో దేవుడికీ మామ్మకీ తెలియాలి. మామ్మ తనకీ తెలియదంది.

మే 20

పొదుపు: వర్తించదు. వృధా: వర్తించదు. మీటరు: సున్నా.

వ్యాఖ్యలు: మూడో రోజు. గదిలో నలభై ఒకటి. ఉదయం ఆరింటికి అక్కకి నొప్పులు మొదలయ్యాయి.

లిఫ్టు తలుపు మా గుమ్మానికి పక్కనే. బావ, ఇంకో ఇద్దరు కలిసి తలుపు తీశారు. మామ్మ వంగి ఊక తోసింది. మొదట ఊక కింద ఊకే వచ్చిందన్నారు. ఇంకా తోసింది. మళ్ళీ ఊకే. మా అమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నేను తీర్మానం ప్రకారం అటు తిరిగి నిలబడి ఉన్నాను.

"ఇటు తిరగే గుంటా," అంది మామ్మ. "ఇప్పుడు కొలుసుకో."

దారం నా చేతిలో పెట్టింది. ఆవిడ కొంగున ముడేసుకుని రెండు నెలలు ఉంచిందట.

ముప్పై ఒక దిమ్మలున్నాయి. అంచులు గుండ్రంగా అరిగిపోయి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఎనిమిది మా గదిలోకి ఇత్తడి బేసిన్లలో చేరాయి. మిగతావి కదపకుండా తలుపు తీసి ఉంచాం. ఆ చలి వసారా అంతా పాకింది. పై అంతస్తుల ముసలివాళ్ళు వచ్చి మెట్ల మీద వరసగా కూర్చున్నారు. గదిలో వేడి ముప్పై ఒకటికి దిగింది.

మధ్యాహ్నం రెండుంబావుకి ఆడపిల్ల. రెండు కేజీల ఎనిమిది వందలు, స్టోర్సు తక్కెడ మీద. నూకాలు మామ్మ చేతుల మీద ఈ పిల్ల పన్నెండోది.

అక్క బిడ్డని చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. మొదటి మూడు రోజులూ తను లెక్కపెట్టుకుంటుంది. నేను లెక్కపెట్టకుండా ఉండటం నేర్చుకుంటున్నాను.

మే 23

పొదుపు: వర్తించదు. మీటరు: సున్నా.

వ్యాఖ్యలు: బిడ్డకి ఈ రోజుతో మూడు రోజులు నిండాయి. పాలు తాగింది, ఏడ్చింది, నిద్రపోయింది. పదహారు దిమ్మలున్నాయి.

పదిన్నరకి దివాకరం గారు మీటర్ల తనిఖీకి వచ్చారు. నాలుగో బ్లాకు నుంచి నడిచి వచ్చేసరికి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, పెదాలు ఎండిపోయాయి. మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. వసారాలో చల్లగా ఉంది కదా. అడగాలని చూసి, అడగకముందే మెట్టు మీద కూర్చుండిపోయారు. బావ నీళ్ళు ఇచ్చాడు. అంతలో సైరను మోగింది. సాయంత్రం నాలుగు వరకు ఎవరూ బయటికి వెళ్ళకూడదు, పర్యవేక్షకులైనా సరే.

సంతకం పెట్టాలి కదా అని పుస్తకం అడిగారు. ఇచ్చాను. సంతకం పెట్టారు. అప్పటికి పదకొండు కూడా కాలేదు. చేయడానికి ఇంకే పనీ లేదు. ఆయన పుస్తకం మొదటి పేజీకి తిప్పి వ్యాఖ్యలు చదవడం మొదలుపెట్టారు.

యంత్రాన్ని సీలు వేస్తారని, జరిమానా పడుతుందని, ముందు ఐసు జప్తు చేస్తారని బావ నా చెవిలో అన్నాడు. ఇంకా మూడు రోజులు మూత ఉంది. పిల్ల గదిలో ఉంది. ఏదైనా అబద్ధం రాసి ఉండాల్సిందని నాకు మొదటిసారి అనిపించింది. కానీ రాయలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి, తారీఖులతో సహా.

ఆయన నెమ్మదిగా చదువుతారు. మార్చి 4 దగ్గర చాలాసేపు ఆగారు. అది ఆయన మాటలున్న పేజీ. మూడింటికి పూర్తయింది. గదిలో పిల్ల ఏడ్చింది. ఆయన తలుపు వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నియమాల పుస్తకం సంచిలోంచి తీశారు.

"మార్చి, ఏప్రిల్, మే. మూడు నెలలు వరసగా పొదుపు సున్నా," అన్నారు. "వృధా చాలా ఎక్కువ."

"అవునండీ."

"ఇలాంటి బ్లాకుకి ఫలకం ఉండకూడదు. తీసుకుపోవాలి. కోటా మాత్రం వాడకాన్ని బట్టే. అది మీరు పూర్తిగా వాడారు కాబట్టి తగ్గించడానికి నియమం లేదు."

"మరి ఐసు?" అని బావ అడిగాడు.

"వృధా అయిపోయిందని రాసి ఉంది కదయ్యా. అయిపోయినదాన్ని ఎలా జప్తు చేస్తాను?"

నాలుగింటికి విడుదల సైరను మోగింది. బావా ఆయనా కలిసి ఫలకం కిందికి దించారు. కొక్కేలు కూడా పీకమంటారా అని బావ సుత్తి తెచ్చాడు. దివాకరం గారు జాబితా చూశారు.

"ఫలకం ఒకటి అనే ఉంది. కొక్కేలు ఆఫీసు ఆస్తిలో లేవు."

వెళ్ళేటప్పుడు మామ్మ ఒక ఐసు ముక్క ఊకలో చుట్టి, గుడ్డలో కట్టి ఆయన చేతిలో పెట్టింది. దారిలో విప్పి చూడవద్దని గట్టిగా చెప్పింది.

జూన్ 9

వృధా: లేదు.

వ్యాఖ్యలు: వాన ఇంకా రాలేదు, కానీ గాలి మారింది. పిల్లకి ఈ రోజు ఇరవై ఒకటో రోజు. ఉదయం అక్క ఎవరికీ చెప్పకుండా స్టూలు వేసుకుని అటక మీంచి ఉయ్యాల తనే దించింది. దుమ్ము దులిపింది. తాళ్ళు లాగి చూసింది. తర్వాత వసారాలోకి వచ్చి దూలం వైపు చూస్తూ నిలబడింది.

తాళ్ళు రెండూ సరిగ్గా సరిపోయాయి. మధ్య దూరం కూడా సరిపోయింది. బావ ఇప్పుడు తల వంచుకోవక్కర్లేదు కానీ అలవాటుగా వంచుకుంటున్నాడు. పిల్లకి పేరు నూకరత్నం. మామ్మ తనకేమీ ఆనందం లేనట్టు మెట్ల మీద కూర్చుని, ఉయ్యాల గట్టిగా ఊపుతున్నారని అందరినీ తిడుతోంది.

పైన పొదుపు గడి ఒక్కటి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీగా వదలరాదు కాబట్టి ఇక్కడ నింపుతున్నాను.

పొదుపు: రెండు కొక్కేలు.